ముదిరిన గడ్డి

చొప్పదండి నుంచి బయల్దేరిన రాయమల్లు గొర్రెల మంద ఎప్పటిలాగే ఆరుద్ర కార్తెలో ఖానాపూర్ అడవికి చేరింది. గొర్రెలు ఈనేదీ, అక్కడ లేతగడ్డి మొలిచేదీ ఆ కార్తెలోనే. ఈసారి ఎండాకాలంలోనే వానలు దంచికొట్టాయి. గడ్డి ముందే మొలిచి, ముదిరి, ఎండిపోయింది.

"జర ముందుగాల కదులుమంటె ఇన్నవా?" అని అతని భార్య లింగవ్వ మండిపడింది.

పొద్దున పుట్టిన పిల్ల, పాలు లేని పొదుగును కుమ్మి కుమ్మి మధ్యాహ్నానికి చల్లబడింది. అడవిలో పుట్టిన తొలిపిల్లకు పూద్దామని తడిపిన పసుపు లింగవ్వ చేతిలోనే ఆరిపోయింది.

తల్లిగొర్రె మాత్రం పిల్లను ఇంకా నాకుతూనే ఉంది. రాయమల్లు దాని మెడ నిమిరాడు.

"నీదేం తప్పులేదు తల్లీ. నువ్వు యాళ్లకే ఈనినవ్."