విస్కౌంటు గారి చెంప

సార్జెంట్ బ్రునో కొట్టింది ఒక్క దెబ్బే. దానికే లువార్ నది ఒడ్డున ఉన్న ఆ సైనిక పాఠశాల అట్టుడికిపోయింది. అందులో చదివేవాళ్ళంతా ప్రభువుల బిడ్డలు మరి.

మందుగుండు పీపా మూత తీసి ఉంది. విస్కౌంటు బిరుదున్న పద్నాలుగేళ్ళ ఇలేర్ ద వార్నాక్ దాని పక్కనే నిలబడి, వెలుగుతున్న ఒత్తి ఊపుతూ డాన్సు మాస్టరు నడక అనుకరిస్తున్నాడు. ఫిరంగి విద్య నేర్పే బ్రునో ఒక్క ఉరుకులో వచ్చి, ఒత్తి లాక్కుని దూరంగా విసిరేసి, చెంప మీద ఒకటిచ్చాడు. తరగతి మొత్తానికి ప్రాణాలు దక్కాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. సామాన్యుడి చెయ్యి ప్రభువుల బిడ్డ మీద పడిందట, అదీ వాళ్ళకొచ్చిన కష్టం.

ఈ పిల్లలను చూస్తే బ్రునోకి ఒళ్ళు మంట. కూడికలు రావు, గుర్రం ఎక్కాలంటే నౌకరు వీపు కావాలి, రేపు సైన్యాన్ని నడిపేది మాత్రం వీళ్ళే. అయినా పళ్ళబిగువున భరిస్తున్నాడు. ఇంకో ఏడాది కొలువు చేస్తే ముసలి సైనికుల ఆశ్రమంలో మంచం దొరుకుతుంది. లేకపోతే వీధే గతి.

పాఠశాల పెద్ద, షెవాలియే బిరుదున్న ద బ్రిసాన్ ఇద్దరినీ పిలిపించాడు. మనుషులంతా సమానమని చెప్పే పుస్తకాలు ఆయన బల్ల నిండా ఉన్నాయి. అవి చదివి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటాడు.

"నీ కొలువు పోకుండా ఒక ఉపాయం ఉందయ్యా బ్రునో," అన్నాడు. "నేను కొట్టమంటేనే కొట్టావని చెబుదాం. అప్పుడది నా దెబ్బ అవుతుంది. ప్రభువంశం వాడి దెబ్బలో అవమానం లేదు. ఏం బాబూ, సరేనా?"

ఇలేర్ చెంప నిమురుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీ తాత ఉప్పు అమ్మి బిరుదు కొనుక్కున్నాడటగా, మా నాన్నగారు చెప్పారు. మాది ఏడొందల ఏళ్ళ వంశమండీ. మీ దెబ్బ తిన్నానంటే ఇంకా పరువు తక్కువ."

షెవాలియే మొహం కందగడ్డ అయింది. ఇప్పుడైనా ఒకటి పీకుతాడేమోనని బ్రునో ఆశగా చూశాడు. పీకలేదు. లేచి నిలబడి, పిల్లవాడి ముందు తల వంచి, "మన్నించండి, విస్కౌంటు గారూ," అన్నాడు. ఆ కోపమంతా బ్రునో మీదికి తిప్పాడు.

"అంతా నీవల్లే! మూటాముల్లే సర్దుకో, పో!"

"పోతా దొరా. ఆ పీపాకి మూత మాత్రం పెట్టించండి. ఎవరి తాత ఎవరో దానికి తెలీదు."

గేటు దాటాక, మంచం పోయిందన్న దిగులుతో మనసు కలుక్కుమంది. ఆ దిగులు మీద ఇంకో బాధ. పోయే కొలువు ఎలాగూ పోయింది, ఆ దెబ్బేదో ఇంకాస్త గట్టిగా వేసి ఉండాల్సింది.