దగ్గు దగ్గర ఆగే పాట

సాయంత్రం కాగానే ఆ ఇంట్లో పనులన్నీ కాసేపు ఆగుతాయి. కోడలు కుట్టుమిషన్ పక్కన పెట్టి పాపను ఒళ్లో వేసుకుంటుంది. మామగారు కుర్చీ చిమ్నీ దగ్గరికి జరుపుకుంటారు. నాలుగేళ్ల క్రితం పోయిన అత్తగారు ఆ ఇటుకల చిమ్నీలోంచి జోలపాట ఎత్తుకుంటారు. మూడో చరణం మధ్యలో దగ్గు వచ్చి పాట ఆగిపోతుంది. బతికుండగానూ అంతే. పొగలో వండి వండి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. పెళ్లయిన నాటి నుంచీ ఆ పాట చివర ఎలా ఉంటుందో మామగారు విననే లేదు.

ఈసారి చలి ఎముకలు కొరికేస్తుంటే, పాప కోసమని కొడుకు ఇనుప పొయ్యి కొన్నాడు. మేస్త్రీ వచ్చి ముందు చిమ్నీలో మసి దులిపాడు. పొయ్యి నుంచి చిమ్నీకి పైపు వేస్తూ, లోపల పొగ చల్లారి కారే తారు బయటికి రాకుండా, పై పైపు కొస కింది పైపులోకి దిగేలా ముక్కల్ని అమర్చాడు. పైపు చిమ్నీలోకి దూరిన చోట సందులన్నీ నిప్పుకి తట్టుకునే మట్టితో మెత్తాడు. చివరికి గోడకి బెజ్జం కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇంత చలిలో గోడకి కన్నమేమిటయ్యా?" అన్నారు మామగారు.

"పొయ్యికి ఊపిరాడాలి కదండీ. గాలి లోపలికి రావాలి, పొగ పైకి పోవాలి. ఏది మూసినా బొగ్గుల విషగాలి గదిలోకే తన్నుతుంది. దానికి వాసన కూడా ఉండదు. నిద్రలోనే పని కానిచ్చేస్తుంది."

"మరి మా ఆవిడ?"

మేస్త్రీ చిమ్నీకేసి చూసి తల గోక్కున్నాడు. "అమ్మగారికి వెచ్చగానే ఉంటుందిలెండి."

ఆ మాట మామగారికి రుచించలేదు. బతికినన్నాళ్లూ పొగే, పోయాక కూడా పొగేనా అని ప్రాణం ఉసూరుమంది. మర్నాడు కొడుకు పనికి వెళ్లాడు. సాయంత్రానికి కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యాయి, పొగ కంటికి కనిపించడం లేదు. కోడలు పాపను ఒళ్లో పెట్టుకుని పొయ్యి పక్కనే కునుకు తీస్తోంది. ఇదే అదను అనుకుని ఆయన చిమ్నీకున్న మసి తీసే చిన్న తలుపు తెరిచి, మిగిలిన వేడి పొగ కూడా ఆవిడకి తగలకుండా, ఆవిడ ఉన్ని శాలువానే లోపల పైపు కంటే పైకి కుక్కారు.

"కాసేపే. నీ పాట అవగానే తీసేస్తాను," అని చెప్పి కుర్చీలో కూర్చున్నారు.

పాట రాలేదు. ఆయన తల బరువెక్కింది. లేవబోతే కాళ్లు మాట వినలేదు. మేస్త్రీ అన్నది అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మాయ్!" అని అరిచాననుకున్నారు గానీ, అది పెదవి దాటలేదు. పాప చెయ్యి కోడలి ఒళ్లోంచి వేలాడుతోంది. ఎంత పని చేశాను అనుకున్నారు.

అప్పుడు చిమ్నీ దగ్గింది. ఇల్లంతా అదిరింది. మళ్లీ దగ్గేసరికి కిటికీలు బార్లా తెరుచుకున్నాయి. ఆ తర్వాతి దగ్గుకి శాలువా ఇంటి కప్పు మీంచి ఎగిరి వీధి అవతల పడింది. కోడలు ఉలిక్కిపడి లేచి, పాపను చంకనేసుకుని, తూలుకుంటూనే మామగారిని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. చల్లగాలి తగలగానే పాప కెవ్వుమంది. ఆ ఏడుపు వినగానే ఆయన నేల మీద కూలబడి, పాప కంటే గట్టిగా ఏడ్చారు.

మేస్త్రీని మళ్లీ పిలిపించారు. అతను చిమ్నీ అంతా చూసి, పొయ్యి తలుపు దగ్గర కాగితం ముక్క వెలిగించి పట్టుకున్నాడు. మంట లోపలికి వంగింది. "పొగని బాగా లాగుతోంది," అన్నాడు.

మర్నాడు పొయ్యి మండుతుండగానే పాట మొదలైంది. మూడో చరణం మధ్యకి వచ్చేసరికి, అలవాటుగా అందరూ బిగుసుకుని కూర్చున్నారు. దగ్గు రాలేదు. ఆ గొంతు వెచ్చగా లేచి, పొగతో పాటు ఆకాశంలోకి సాగింది. వీధిలో పోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగి తలలెత్తి విన్నారు.

పాట పూర్తయ్యేసరికి పాప నిద్రపోయింది. కోడలు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. ఊపిరి వెచ్చగా తగిలింది.

మామగారు చిమ్నీ మీద చెయ్యి వేసి, "ఇంతేనటే!" అన్నారు. "అర చరణమేనా మిగిలింది!"