అదనపు ఇత్తడి కాలు

"కాస్త వస్తావా అమ్మాయ్? మీ అన్నయ్య పళ్ల డాక్టరమ్మ దగ్గర ఇరుక్కుపోయారు. కంప్యూటర్‌లో కొత్త మదర్‌బోర్డు వేశారట, తెర మీద ఏమీ రావట్లేదట" అని వదిన ఫోన్ చేసింది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. దేవుడున్నాడు అనుకున్నాను.

ఎందుకంటే ఆ డాక్టరమ్మ పాత కంప్యూటర్ కాలిపోయింది నాన్న ఉన్న రోజుల్లోనే. కాల్చింది నేనేనని అన్నయ్య కనపడ్డ వాళ్లకల్లా చెప్పాడు. నేను దాన్ని ముట్టుకోనేలేదు మొర్రో అన్నా విన్న పాపాన పోయినవాడు లేడు. నాన్న పోయాక రిపేర్ల దుకాణం అన్నయ్యది అయింది, మిషన్లు తగలేసే పిల్ల అన్న పేరు నాది అయింది. ఇప్పుడు ఇంటి ముందుగదిలో కూచుని మౌసులూ కీబోర్డులూ బాగుచేసుకుంటున్నాను. మదర్‌బోర్డు దాకా నన్నెవడు రానిస్తాడు? పోయిన నా పేరు నాకు కావాలి. అదీ అన్నయ్య నోటితోనే, ఆ డాక్టరమ్మ ముందే రావాలి. అంతకు తక్కువైతే ఒప్పుకునేది లేదని గట్టిగా అనుకునే స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకున్నాను.

ఆసుపత్రి ముందు హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒకాయన వాచిన బుగ్గని అరచేత్తో పట్టుకుని మూలుగుతున్నాడు. రోగుల ఎక్స్‌రేలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కాబట్టి డాక్టరమ్మ ఎవరి పన్నూ పట్టుకోలేక చిటపటలాడుతోంది. నన్ను చూడగానే మొహం ముడుచుకుంది.

"నువ్వా! నువ్వేమీ ముట్టుకోకమ్మా, నీకో దణ్ణం. పక్కన నిలబడి చెప్పు చాలు."

ఒళ్లు మండిపోయింది. అయినా "అలాగేనండీ" అన్నాను. ముట్టుకోకుండానే చూపిస్తాను చూడు, అన్నది పైకి అనలేదు.

వెనక గదిలో అన్నయ్య చెమటలు కక్కుతున్నాడు. నన్ను చూసి, "ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నాడు.

"మీ ఆవిడ. వెళ్లిపోమంటావా?"

తల కంప్యూటర్ డబ్బాలోకి దూర్చి, "ఫ్యాన్లు తిరుగుతున్నాయే, తెరే రావట్లేదు" అని గొణిగాడు.

నేను తలుపు బార్లా తెరిచి, హాల్లోకి వినపడేలా అడగడం మొదలుపెట్టాను. తెర కేబులు మార్చావా? మార్చాడు. ప్రాసెసర్‌కి విడిగా వచ్చే పవర్ వైరు పెట్టావా, మర్చిపోయావా? పెట్టాడట. మెమరీ కార్డులు తీసి తుడిచావా? తుడిచాడట, రెండోసారి కూడా తుడిచాడట. అడిగినకొద్దీ ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. నాకు హాయిగా ఉంది, అబద్ధమెందుకు!

"అయితే బోర్డు బయటికి తియ్యి."

"మొత్తమా? పొద్దున్నుంచీ బిగించానే!"

"మొత్తం. అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి వెలిగించు. నేను ముట్టుకోకూడదుగా మరి!"

పళ్లు నూరుకుంటూ అన్నీ విప్పి, బోర్డుని అట్టపెట్టె మీద పెట్టి కరెంటిచ్చాడు. తెర టక్కున వెలిగింది. అన్నయ్య "హమ్మయ్య" అనేలోపే నేను గోడ స్విచ్ ఆపేశాను.

"బోర్డు బంగారంలా ఉంది. తప్పంతా డబ్బాలోనే ఉంది" అంటూ ఖాళీ డబ్బాలోకి ఫోన్ లైటు వేశాను. బోర్డు డబ్బా రేకుకి తగలకుండా కింద ఇత్తడి కాళ్లుంటాయి, ఒక్కో మర కన్నానికి ఒక్కోటి. ఇక్కడ నడిమధ్యలో, పైన బోర్డులో ఏ కన్నమూ లేని చోట, ఇంకో కాలు నిలబడి ఉంది. అది మా ఇంటి కాలు. మా నాన్న తప్ప ప్రపంచంలో ఎవరూ పెట్టరు దాన్ని. కార్డులు నొక్కేటప్పుడు బోర్డు వంగకుండా ఆసరాగా పెట్టేవాడు. కానీ దాని నెత్తిన అట్టబిళ్ల ఒకటి అంటించేవాడు, ఆ ఇత్తడి, బోర్డు అడుగున టంకాలకి తగిలి షార్ట్ కాకుండా. చెప్పుల పెట్టెల అట్టలోంచి ఆ బిళ్లలు కత్తిరించే పని చిన్నప్పుడు నాదే.

"బిళ్లేది?" అన్నాను.

"ఏ బిళ్ల?"

నిజంగానే తెలియదు ఆయనకి. నాన్న చివరి రోజుల్లో తప్ప దుకాణంలో కాలు పెట్టినవాడు కాదు.

"అప్పుడు ఈ డాక్టరమ్మ మిషన్ కాలింది కూడా దీంతోనేనా? నువ్వు తగలేసి నా నెత్తిన రుద్దావా?" నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అన్నయ్య లేచి తలుపు మూశాడు. "నేను కాదే. నాన్న."

"ఏంటి?"

"నాన్న బిగించాడు. నేను పక్కనే ఉన్నాను. కాలు ఇలాగే పెట్టాడు, బిళ్లా గిళ్లా ఏమీ పెట్టలేదు. అదే పద్ధతనుకుని నేనూ అలాగే నేర్చుకున్నాను. పొగొచ్చాక ఆయన మొహం చూడలేకపోయానే. చెయ్యి తప్పిందని నలుగురికీ తెలిస్తే నాన్న బతకడనిపించింది."

అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది. ఆఖర్లో నాన్న టీ తాగిన సంగతే మరిచిపోయి, టీ ఇవ్వలేదని అమ్మ మీద అలిగేవాడు. నాన్నా, నన్ను పిలిస్తే బిళ్ల నేను పెట్టేదాన్ని కదా అనుకున్నాను. ఆ దిగులు వెనకే కోపం రెండింతలై లేచింది.

"సరే, నాన్న పేరు కాపాడావు. మంచిదే. మరి నువ్వే కాల్చావని నీ పేరు చెప్పుకోవచ్చుగా? నా పేరే దొరికిందా నీకు?"

తల వంచుకున్నాడు.

"వెళ్లి ఆవిడకి చెప్పు."

"నాన్న సంగతా?"

"నాన్న ఊసెత్తావంటే ఈ బోర్డు నీ నెత్తిన పగలగొడతాను. నువ్వు కాల్చావని చెప్పు."

"నేను కాల్చలేదు కదే!"

"నేనూ కాల్చలేదుగా అన్నయ్యా."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు, ఎక్కడైనా జాలి దొరుకుతుందేమోనని. దొరకలేదు. తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లాడు. బుగ్గ వాచినాయన మూలుగు ఆగింది. "అప్పుడు మీ కంప్యూటర్ కాల్చింది మా చెల్లి కాదండీ. నేను. దాని మీదికి తోశాను" అని అన్నయ్య చెప్పడం, "ఛీ, సొంత చెల్లెలి మీదికా!" అని డాక్టరమ్మ అనడం స్పష్టంగా వినపడ్డాయి. ఇన్నేళ్ల కడుపుమంట మీద నీళ్లు చల్లినట్టయింది.

ఆ నడిమధ్య కాలు మర తిప్పి తీసేశాను. బోర్డు నేనే బిగించాను, నా చేతులతో, ఎవరినీ అడక్కుండా. తెర వెలిగింది, ఎక్స్‌రేలన్నీ వచ్చాయి. డాక్టరమ్మ లోపలికొచ్చి తెరని చూసింది, నన్ను చూసింది. చేతి తొడుగులు సర్దుకుంది.

"ఇక మీదట ఏదైనా చెడితే ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?" అంది.

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య వైపు చూశాను. డాక్టరమ్మ కూడా అటే చూసింది.

"మా చెల్లికి చెయ్యండి" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"హాల్లో వాళ్లకి వినపడలేదన్నయ్యా, కాస్త గట్టిగా చెప్పు" అన్నాను.