రెండు గీతల ఇస్త్రీ పెట్టె

అయిదో ఇస్త్రీ పెట్టె పదకొండో కోటు మీద చచ్చింది.

చచ్చేముందు చెప్పి చావొచ్చు కదా. పొగ రాలేదు, కమురు వాసన రాలేదు, టప్పుమన్న చప్పుడు కూడా లేదు. పెట్టె మీది దీపం ఆరింది, అంతే. కాగాక దీపం ఎలాగూ ఆరుతుంది గనక నేను పట్టించుకోలేదు. కాలరు మీద మూడుసార్లు తోశాను. ముడత నన్ను వెక్కిరిస్తున్నట్టు అలాగే ఉంది. పొరపాటు నాదేమోనని ఇంకాసిని నీళ్ళు చిలకరించి మళ్ళీ తోశాను. అప్పటికి అనుమానమొచ్చి తడివేలు అడుగున ఆనిస్తే చుర్రుమనలేదు. జ్వరం దిగిపోతున్న నుదురులా గోరువెచ్చగా ఉంది.

దీంతో కలిపి ఇంకా ఇరవై రెండు కోట్లున్నాయి. ఉదయం పదకొండయింది. సరిగ్గా నాలుగింటికి గడియారం వస్తాడు.

గడియారం అంటే మా వీధి చివరి ఆసుపత్రి మేనేజరు. మాట్లాడేటప్పుడు మన మొహం చూడడు, చేతి గడియారం చూస్తాడు. అందుకని నేను పెట్టుకున్న పేరది. డాక్టర్లవీ నర్సులవీ వారానికి ముప్పై రెండు తెల్లకోట్లు నా దగ్గరకు పంపిస్తాడు. మా ఆయన పోయిన ఏడాది నుంచీ నా ఇల్లు నడిచేది ఆ కోట్ల మీదే. అలాంటివాడు పోయినవారం కోట్లు తీసుకెళ్తూ అన్నాడు: "అమ్మా, లాండ్రీ కంపెనీ వాళ్ళు తిరుగుతున్నారు. వ్యాన్లో పట్టుకెళ్ళి వ్యాన్లో తెచ్చిస్తారట. కఫ్‌లు మీ అంత బాగా ఎవరూ చేయరని చెప్పి ఆపాను. వచ్చేవారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఒక్క కోటు నలిగి ఉన్నా ఇక నా మాట చెల్లదు."

ఆ వచ్చేవారం ఇదే. తనిఖీ రేపు.

నాలుగేళ్ళలో అయిదు పెట్టెలు. మొదటిదానికి వేడి తగ్గించే చక్రం పదినెలలకే ఊడి, ఎటు తిప్పితే అటు తిరగడం మొదలెట్టింది. కంపెనీవాళ్ళు దాని బదులు ఇంకోటి ఇచ్చారు. ఆ రెండోది వారంటీ ముగిసిన పంతొమ్మిదో రోజున పోయింది. మార్చి ఇచ్చినదానికీ గడువు మొదటిది కొన్న రోజు నుంచే లెక్కట. నేను చదువుకున్నది యాభై దాటాక. ఆలస్యంగా వచ్చిన చదువు కదా, చీమ తలకాయంత అక్షరాన్ని కూడా వదిలిపెట్టను. ఆ కార్డంతా వేలుపెట్టి చదివాను. తప్పు వాళ్ళది కాకుండా ఉండడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ రాసిపెట్టుకున్నారు. మూడోదాని అడుగున నల్లపూత పెచ్చులూడి ఒక డాక్టరమ్మ కోటు వీపున అంటుకుంది. నాలుగోది ఆవిరి పెట్టె. ఆవిరి తప్ప అన్నీ వచ్చేవి దాన్లోంచి, తుప్పునీళ్ళతో సహా. అయిదోదాని సంగతి చెప్పాను.

వీటన్నిటికీ ముందు ఒకటుండేది. నేను కాపురానికొచ్చిన ఏడాది మా అత్తగారు ఇద్దరు కోడళ్ళకూ ఒకే రోజు ఒకే రకం పెట్టెలు కొంది. నాదంటే నాదని కొట్టుకుంటామని మామగారు మేకు తీసుకుని పెట్టెల మడమల దగ్గర గీతలు గీశారు. పెద్దకోడలికి ఒక గీత, నాకు రెండు. అప్పటికి నాకు అక్షరాలు రావు గానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళు వాడాను దాన్ని. రెండుసార్లు వైరు, ఒకసారి లోపలి కాయిలు మార్చామంతే. ఒక్కటే బాధ, బరువు. మణికట్టు నొప్పి పుట్టి, పాతది తెచ్చి కొత్తది పట్టుకెళ్ళండని బజారులో కొట్టువాడు బోర్డు పెడితే, పెట్టెను సంచిలో వేసుకుని నా కాళ్ళతో నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అదే ఇంకా మంట.

చచ్చిన పెట్టెను పట్టుకుని వీధి మలుపులో ఉన్న మెకానిక్కు దగ్గరకు పరుగెత్తాను. మరలన్నీ పెదాల మధ్య పెట్టుకుని పనిచేస్తాడని అతన్ని మరలాయన అంటాం.

"మళ్ళీనా పిన్నిగారూ?" అన్నాడు.

"నోట్లోవి తీసి మాట్లాడు, మింగుతావు."

"నోట్లో ఏమున్నాయండీ? ఈ కొత్తవాటికి మరలే ఉండవు. నా నోరు ఖాళీ అయి మూడేళ్ళయింది." పెట్టెను అటూ ఇటూ తిప్పి నా ముందు పెట్టాడు. "ఎక్కడ విప్పమంటారో మీరే చూపించండి. అంతా కరిగించి అతికించేశారు. లోపల బియ్యపుగింజంత ఫ్యూజుంటుంది. అది పోయుంటుంది. గింజ మార్చడానికి అయిదు నిమిషాలు. గింజ దాకా వెళ్ళాలంటే పెట్టె పగలాలి."

"పగలగొట్టు."

"పగలగొడితే మళ్ళీ మూయలేను."

"ఒక మనిషి చేసినదాన్ని ఇంకో మనిషి విప్పలేకపోవడమేంటయ్యా?"

"విప్పకూడదనే అలా చేశారు పిన్నిగారూ. మీ పాతదైతే నాలుగంటే నాలుగు మరలు. కళ్ళు మూసుకుని విప్పేస్తాను. మొన్న కూడా..." అని ఆగి, బల్లమీద లేనిదాన్నేదో వెతకడం మొదలుపెట్టాడు.

మొన్న ఏమిటని అడిగే తీరిక నాకు లేదు. అటునుంచి అటే బజారుకెళ్ళాను. కొట్టువాడు నన్ను చూడగానే చెక్కు చెదరని నవ్వొకటి నవ్వాడు.

"రండమ్మా! ఆరోదా?"

నా మీద నాకే అసహ్యమేసింది. "ఉందా?"

"అయిపోయాయమ్మా. సాయంత్రం ఆరింటికి లోడు వస్తుంది. ఈ నెల అందరివీ పోయాయి. మనవి మంచి ఫాస్ట్ మూవింగ్."

"అవును, ఇంట్లోంచి చెత్తబుట్టలోకి ఎంత ఫాస్టో."

వాడు దానికీ నవ్వాడు. వాడికేం, ఆరింటికి లోడొస్తుంది. నాకు నాలుగింటికి గడియారం వస్తాడు.

ఎదురింటావిడను అడిగాను. "ఇస్తాను గానీ వదినా, మాది రెండు చొక్కాలకే అలిసిపోతుంది, మధ్యలో పడుకోబెట్టి లేపాలి" అంది. ఇక మిగిలింది ఒక్క గడప. మా బిల్డింగులోనే పైన రెండో అంతస్తు, మా తోడికోడలు ఇల్లు.

అక్క వాకిలికి వెళ్ళడమంటే నాకు మొహం చెల్లని పని. నాలుగేళ్ళ కిందట మొదటి కొత్తపెట్టెను చూపిద్దామని మురిసిపోతూ పైకెళ్ళాను. "అత్తయ్య ఇచ్చినదాన్ని ప్లాస్టిక్కుకు మార్చుకొచ్చావుటే!" అంది అక్క. "నీకేం, రోజుకు నాలుగు చొక్కాలు. నీ మణికట్టు నొప్పెట్టదు" అన్నాను. అంతే. ఆ వారం నుంచి నన్ను ఇంట్లోకి రానివ్వడం మానేసింది. ఏ పని మీద వెళ్ళినా తలుపు జానెడు తెరిచి, ఆ సందులోంచే మాట్లాడి పంపించేది. అత్తగారి గుర్తును అమ్ముకున్నానని కోపం కాబోలు, నిజమే కదా అని నేనూ పడ్డాను. కానీ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "మాది బంగారంలా పనిచేస్తోందమ్మా" అని ఒక చురక వేసి పోయేది. దానికి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

తలుపు కొట్టాను. జానెడు తెరుచుకుంది.

"ఏమే?"

"నీ ఇస్త్రీ పెట్టె ఇయ్యవే అక్కా. నాలుగింటికల్లా తెచ్చిచ్చేస్తాను."

"ఏ... ఏ పెట్టె?"

"నీ దగ్గరేమైనా పది పెట్టెలున్నాయా? నా పని పోయేలా ఉంది. ఇరవై రెండు కోట్లు అలాగే ఉన్నాయి. కావాలంటే తర్వాత తిట్టు, ముందు పెట్టె ఇయ్యి."

అక్క మొహంలో రంగు దిగిపోయింది. తలుపు ఇంకొంచెం మూసింది. "మీ బావగారి ప్యాంట్లు ఉన్నాయే ఇవ్వాళ..."

లోపల్నుంచి బావగారి గొంతు వినిపించింది. ఆయనకు చెవులు కొంచెం మందం, అందుకని అందరికీ చెవుడన్నట్టు మాట్లాడతారు. "ఎవరూ, చిన్నమ్మాయా? తన పెట్టె కోసం వచ్చిందా? నేను చెప్పలేదుటే, ఎప్పటికైనా తెలుస్తుందని!"

అక్క కళ్ళు మూసుకుంది. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

కిటికీ పక్క బల్ల మీద మడమ ఆనించి నిలబెట్టి ఉంది. నల్లటి పిడి, అడుగు అద్దంలా. వంగి చూశాను. రెండు గీతలు. వేలుతో తడిమి మళ్ళీ లెక్కపెట్టాను. రెండే.

"దొంగతనమేం చేయలేదు," అంది అక్క వెనకనుంచి. తప్పు దొరికిపోయినప్పుడు ఆవిడ గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైకెక్కుతుంది. "నువ్వు ఇచ్చొచ్చిన వారానికి కొట్టుకెళితే, వాడు కాగితాలు ఎగిరిపోకుండా బిల్లుల మీద పెట్టుకున్నాడు. కొనుక్కొచ్చాను."

"మరి నీదేమైంది?"

"మీ బావగారిని అడుగు."

బావగారు పేపరు పైకెత్తుకున్నారు. "మెట్ల మీద జారింది."

"జారింది పెట్టె కాదు, ఈయన. వైరు మార్పించుకు రండని ఇస్తే, దాన్ని పట్టుకుని జారారు. ఈయన మొదటి మెట్టు మీదే ఆగారు. అది రెండంతస్తులు దొర్లింది. ఈయనకు గీత కూడా పడలేదు, దాని నడుం విరిగింది."

"మరి నాలుగేళ్ళ నుంచి మాది బంగారం, మాది బంగారం అని మెట్ల మీద నా ప్రాణం తీశావు కదే!"

"పనిచేస్తోందా లేదా? అబద్ధం ఆడానా?"

"నాదది!"

"కొట్టువాడికిచ్చాక నీదెలా అయిందే? చెబితే తిరిగి అడుగుతావు. అడిగితే ఇవ్వకుండా ఉండలేను. నాకు మాత్రం ఆ ప్లాస్టిక్కు పీడ కావాలా? కింద నువ్వు పడే పాట్లు రోజూ వింటూనే ఉన్నాను."

"వింటూ ఊరుకున్నావా?"

వినబడకపోయినా సంగతి అర్థమైందేమో, బావగారు పేపరు తిప్పడం ఆపేశారు. నాలుగేళ్ళూ నేను తప్పు చేశానని తలొంచుకు తిరిగిన మెట్లు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. తలుపు జానెడే తెరిచింది కోపంతో కాదు, బల్ల మీద ఇది నాకు కనిపిస్తుందనే భయంతో. అరవాలో నవ్వాలో తెలియని కోపం ఒకటుంటుంది, అదొచ్చింది నాకు.

అక్కే ముందు తేరుకుంది. "టైమెంతయింది?"

"పన్నెండున్నర."

"కోట్లన్నీ పైకి పట్రా. ఇక్కడే చెయ్యి. ఈ పెట్టెను మాత్రం మళ్ళీ ఆ మెట్లు దిగనివ్వను."

పోట్లాడే టైము లేక పట్టుకొచ్చాను. అక్క నీళ్ళు చిలకరించి పరుస్తుంటే నేను తోశాను. మొదటి కోటుకే నా చేతికి పాత లెక్క గుర్తొచ్చింది. దీన్ని నొక్కక్కర్లేదు, దారి చూపిస్తే చాలు, దాని బరువే పని చేసుకుపోతుంది. తేలిక పెట్టెలను నొక్కీ నొక్కీ, మణికట్టు నొప్పి తగ్గకపోగా భుజానికెక్కింది. ఇదంతా అక్కతో అనలేదు. అంటే ఇంకో నాలుగేళ్ళు వినాల్సొస్తుంది.

"కఫ్‌లు ముందు చేస్తావేంటే? కాలరు కదా ముందు," అంది.

"కోట్లు నావా నీవా?"

"పెట్టె ఎవరిదో అది మాత్రం అడగవేం?"

బావగారు బాల్కనీలో కాపలా కూర్చున్నారు. నాలుగవుతూండగా వీధంతా వినిపించేలా "వచ్చాడు!" అని అరిచారు. అప్పటికి ఒక్క కోటు మిగిలింది. గడియారం రెండంతస్తులూ ఎక్కి, రొప్పుతూ గుమ్మంలో నిలబడి చేయి చూసుకున్నాడు. నేను ఆఖరి కోటు మడతపెట్టి పైన ఉంచేసరికి నాలుగూ మూడు నిమిషాలు. అతను ఒక కోటు తీసి కఫ్ మీద వేలు పోనిచ్చాడు. మొదటిసారి గడియారం వదిలి నా మొహం చూశాడు.

"కొత్త పెట్టె కొన్నారా అమ్మా?"

"కాదు. ముప్పై అయిదేళ్ళది."

"దీన్ని వదలకండి. వ్యాను వాళ్ళకు వద్దని చెప్పేస్తాను. వచ్చేవారం మామూలే, ముప్పై రెండు."

అతను వెళ్ళాక ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డాం. నేను మెల్లగా మొదలుపెట్టాను. "అయితే అక్కా, నా పెట్టె..."

"ఎక్కడికీ రాదు. వారానికి రెండు రోజులు కోట్లు పట్టుకుని నువ్వే పైకి రా."

"ముప్పై రెండు కోట్లు చేతులనిండా పెట్టుకుని నీ తలుపు ఎలా తోయాలే? జానెడు కదా తెరుస్తావు!"

"బార్లా తీసి పెడతాను, సరేనా? గాలికి మూసుకోకుండా ఏదైనా అడ్డం పెట్టు."

చేతికందిన మొదటి వస్తువు నా అయిదో పెట్టె. కోట్లతో పాటు అదీ పైకి వచ్చేసింది. తీసుకెళ్ళి తలుపు కింద పెట్టాను. బాల్కనీలోంచి చిన్న గాలి వేసింది. తలుపు దాన్ని గచ్చు మీద బరబరా తోసుకుంటూ వచ్చి ధడాలున మూసుకుంది. నేను నెత్తి కొట్టుకున్నాను. తలుపుకు అడ్డం ఉండడానికి కూడా పనికిరాదు, దానికి బరువేది?

అక్క లేచి, మంచం కిందికి వంగి, గుడ్డలో చుట్టినదాన్నొకటి బయటికి లాగింది. పిడి లేదు, నడుం సొట్ట, మడమ దగ్గర ఒక్క గీత. తలుపు బార్లా తీసి, దాన్ని తెచ్చి కింద పెట్టింది.

మళ్ళీ గాలి వేసింది. తలుపు ఒకసారి దాన్ని తాకి, అక్కడే ఆగిపోయింది.