వెయ్యికి ముప్పై

నాలుగో వార్డు ఆరోగ్య కేంద్రంలో రోగాల లెక్కలు రాసే నర్సుకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. లెక్కలు నిజంగా రాసేది. మిగతా వార్డుల వాళ్ళు పోయిన వారం కాగితం చూసి ఈ వారం కాగితం నింపేస్తుంటే, ఈవిడ చెప్పులరిగేలా ఇల్లిల్లూ తిరిగి, "కొత్తగా ఎవరికైనా కామెర్లు వచ్చాయా?" అని అడిగేది. అడిగితే జనం చెబుతారు. చెబితే రాయాలి. రాస్తే పై అధికారికి తలనొప్పి.

ఆ అధికారి ఏ కాగితం వచ్చినా చదవకుండా అడుగున 'బాగుంది' అని రాసి సంతకం పెట్టేవారు. అందుకే ఆయన్ని అందరూ బాగుంది సారు అనేవారు. ఒక శనివారం మాత్రం పొరపాటున చదివారు.

"ఏంటమ్మా ఇది? ఒక్క వారంలో పద్దెనిమిది మందా?"

"కొత్తగా వచ్చినవాళ్ళే సార్. పాతవాళ్ళని కలపలేదు."

"పాతేంటి, కొత్తేంటి? రోగం రోగమే కదా!"

"బస్సులో ఎంతమంది కూర్చున్నారన్నది ఒక లెక్క సార్. ఈ స్టాపులో ఎంతమంది ఎక్కారన్నది ఇంకో లెక్క. రోగం పెరుగుతోందో తగ్గుతోందో ఎక్కేవాళ్ళని చూస్తేనే తెలుస్తుంది. మన వార్డు జనాభా ఆరువేలు. అంటే ఈ వారం వెయ్యికి ముగ్గురు ఎక్కారు."

సారు కాసేపు ఆలోచించారు. ఆయనకది కొత్త.

"పోనీ, జనాభా కొంచెం పెంచి రాయి. వెయ్యికి ఒకటో అరో అయి కూర్చుంటుంది."

"జనాభా పెంచాలంటే తొమ్మిది నెలలు పడుతుంది సార్. నివేదిక ఇవాళే ఇవ్వాలి."

సారు నవ్వలేదు.

ఆ సాయంత్రం నర్సు ఇంట్లో బల్ల మీద కాగితాలు పరుచుకుని, వీధికింత అని విడదీయడం మొదలుపెట్టింది. పక్కనే బట్టలు మడతపెడుతున్న అత్తగారు తొంగిచూసింది.

"ఊళ్ళో రోగాలన్నీ ఇంటికి మోసుకొచ్చావా తల్లీ?"

"కాగితం మీదే ఉన్నాయి అత్తయ్యా, కిందకి దిగవులెండి."

లెక్క తేలాక నర్సు పెన్ను కింద పెట్టేసింది. పద్దెనిమిది మందిలో పన్నెండు మంది పిండిమర వీధి వాళ్ళే. ఆ వీధిలో ఉండేది నాలుగువందల మంది. అంటే వెయ్యికి ముప్పై!

"పిండిమర వీధా?" అంది అత్తగారు. "అక్కడ కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయని మా వదిన నెలరోజులుగా మొత్తుకుంటోంది. నన్నడిగితే నేనే చెప్పేదాన్నిగా!"

వార్డులో అన్ని తలుపులూ తట్టిన మనిషి, సొంత ఇంట్లో అడగడం మరిచిపోయింది.

సోమవారం నర్సు, ఆ వీధిలో తవ్వి చూడాలని అర్జీ రాసింది. సారు అలవాటు కొద్దీ 'బాగుంది' అని సంతకం పెట్టారు. అది అనుమతో, మెచ్చుకోలో ఎవరికీ తెలియదు గానీ, పైపుల మేస్త్రీ దాన్ని అనుమతిగానే తీసుకుని గునపం పట్టాడు. మధ్యాహ్నానికల్లా సంగతి బయటపడింది. మురుగు కాలవ కింద మంచినీళ్ళ పైపు జానెడు మేర చీలి ఉంది.

"ఈ వీధి వాళ్ళు మురుగు తాగుతున్నారమ్మా," అన్నాడు మేస్త్రీ. "అదీ పన్ను కట్టి మరీ."

గుంత చుట్టూ మూగిన వాళ్ళలో ఒక దర్జీ ఉన్నాడు. అతని కూతురు మూడు వారాలుగా మంచం మీదే ఉంది. "బయట అడ్డమైనవీ తిని తెచ్చుకున్నావని పిల్లని రోజూ తిట్టానమ్మా," అన్నాడు మెల్లగా. నర్సు అతని భుజం మీద చెయ్యి వేసింది.

పైపు అతికారు. కానీ అప్పటికే కడుపులోకి పోయిన మురికి మూడు నాలుగు వారాలకు గానీ కళ్ళలో పచ్చదనం చూపించదు. అందుకని కొత్త కేసులు తొమ్మిది, అయిదు, రెండు అంటూ మెట్లు దిగినట్టు దిగి, ఆరో వారానికి సున్నా అయ్యాయి. ఆ సున్నా చూసి నర్సు ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

ఏడాది చివర సభ పెట్టారు. ఒక్క కేసూ నమోదు కాని మూడో వార్డుకు జ్ఞాపిక, శాలువా. అందరికంటే ఎక్కువ కేసులు రాసిన నాలుగో వార్డుకు మెమో. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అది నర్సు చేతికే వచ్చింది. 'మీ వార్డులోనే ఇన్ని రోగాలెందుకున్నాయో సంజాయిషీ ఇవ్వండి' అని అడిగారు. ఆవిడ ఒక్క ముక్కే రాసింది: 'అడిగాను కాబట్టి.'

అంత పొగరు పనికిరాదని ఆవిడను మూడో వార్డుకు బదిలీ చేశారు. ఆరోగ్యవంతుల మధ్య ఉంటే కాస్త బుద్ధి వస్తుందని కాబోలు.

మూడో వార్డులో మొదటి వారమే ఇరవై ఒక్కమంది కొత్త రోగులు తేలారు. సారు ఫోన్ చేశారు.

"నువ్వెళ్ళిన చోటల్లా రోగం పుడుతోందేంటమ్మా? నిన్నటిదాకా అక్కడ ఒక్కరికీ లేదే!"

"తర్వాత మాట్లాడతాను సార్," అంది నర్సు, పుస్తకం తెరుస్తూ. "ఈ ఇంటావిడ తలుపు తీస్తోంది."