ప్రెసిడెంటు గారి షుగరు

నీటి సంఘాలు వచ్చిన కొత్తలో, భీమవరం దగ్గర మా ఊరి సంఘానికి చంద్రరావు గారు ప్రెసిడెంటు అయ్యారు. షుగరు మాత్రం ఆయనకు అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే ఉంది. ఈ రెండు హోదాల్లో ఆయనకు ఏది ఎక్కువ ముద్దో చెప్పడం కష్టం. రక్తపరీక్ష చేయించుకున్న రోజున, కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు, కాఫీ హోటల్లో కూర్చుని తన షుగరు ఎంతుందో అందరికీ చెప్పేవారు. ఎవరికైనా తనకంటే తక్కువుంటే అదీ ఒక షుగరేనా అన్నట్టు జాలిగా చూసేవారు.

ఊరందరికీ వైద్యం కూడా ఆయనే చెప్పేవారు. పొద్దున్నే కాకరకాయ రసం, ఆ తర్వాత నానబెట్టిన మెంతులు, భోజనం ముందు నేరేడు గింజల పొడి. ఇవన్నీ నియమం తప్పకుండా పుచ్చుకుని, ఆ ధైర్యంతో పెళ్ళిళ్ళలో కాజాలు తినేవారు. డాక్టరు రాసిన మాత్రలు ఒళ్ళు తూలినప్పుడు మాత్రమే వేసుకునేవారు. రోజూ వేసుకుంటే అలవాటైపోతుందని ఆయన భయం.

ఆ రసాలు తీసేది, పొడులు కొట్టేది ఆయన భార్య వీరవేణి. కొంతకాలంగా ఆమెకు దాహం ఎక్కువైంది. మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు లాగేస్తున్నాయి. వయసు మీద పడుతోంది కదా అనుకుంది. ఆ ఇంట్లో జబ్బుపడే బాధ్యత ఒకరు పూర్తిగా తీసుకున్నారు కాబట్టి, రెండోవారి సంగతి ఎవరికీ తోచలేదు.

ఇలా ఉండగా చంద్రరావు గారి కళ్ళముందు నల్లటి పోగులు తేలడం మొదలైంది. ఆయన వాటిని చేత్తో తోలుకుంటూ, ఈగలు ముసురుతున్నాయని హోటలు వాణ్ణి కేకలేశారు. కళ్ళజోడు మార్చారు. మళ్ళీ మార్చారు. ఆ తర్వాత కళ్ళజోళ్ళ షాపే మార్చారు. ఒకరోజు స్కూటరును తిన్నగా రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలోకి తోలి పడ్డారు. మోకాలు చీరుకుపోయినా లెక్కచెయ్యకుండా, రోడ్ల మీద ధాన్యం పోయకూడదనే విషయం గురించి అక్కడే నిలబడి ఉపన్యాసమిచ్చారు. చివరికి భీమవరంలో డాక్టరు, ఇది కళ్ళజోళ్ళతో తేలే వ్యవహారం కాదని చెప్పి రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి పంపించారు.

రైలుబండి కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"ఏంటే, ఇవాళ గోదావరి మీద ఇంత మంచు పట్టింది?" అన్నారాయన.

వీరవేణి కిటికీలోంచి చూసింది. ఎండకు నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. ఆమె, ఆయన తలుపు వైపు లేచి వెళ్ళకుండా చొక్కా అంచు పట్టుకుంది.

ఆసుపత్రిలో బెంచీ మీద వరసగా కూర్చోమన్నారు. కంటిపాప పెద్దదవడానికి చుక్కల మందు వేస్తారట, కాసేపు కళ్ళు మూసుకుని ఉండాలట. ప్రెసిడెంటు హోదాలో ఉన్న మనిషి నలుగురితో పాటు బెంచీ మీద కూర్చోవడమేమిటని చంద్రరావు గారు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడ్డానికి బయటికి వెళ్ళారు. నర్సు వచ్చి, చంద్రరావు గారి కేసు ఇదేనా అని వీరవేణిని అడిగింది. ఆమె అవునంది. పైకి చూడమ్మా అంటే పైకి చూసింది. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళకు ఎదురుచెప్పడం ఆమె ఎరగదు. ప్రెసిడెంటు గారు తెలిసినవాళ్ళెవరూ దొరక్క తిరిగొచ్చేసరికి, పేషెంటు బాగానే ఉన్నారు, పేషెంటు భార్య కళ్ళు బైర్లు కమ్మి కూర్చుంది.

ఆయన ఆసుపత్రి అదిరిపోయేలా అరిచారు. డాక్టర్ ప్రిస్కిల్లా బయటికి వచ్చి, జరిగింది తెలుసుకుని, క్షమించమని అడిగారు. నర్సును ఆయనకు మందు వెయ్యమని, వేసిన మందు వృథా ఎందుకని వీరవేణిని లోపలికి రమ్మన్నారు. చాలాసేపు చూశారు. ఒక కన్ను చూసి, రెండోది చూసి, మళ్ళీ మొదటిది చూశారు.

"మీకు షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"నాకు లేదండి. ఆయనకే."

రక్తపరీక్ష చేయిస్తే ఉన్నట్టు తేలింది. కొద్దిగా కాదు, హోటల్లో చెప్పుకోదగినంత ఉంది. ఈ మాట విన్న చంద్రరావు గారి మొహంలో ముందు కనిపించింది బెంగ కాదు. తన పొలంలో ఎవరో గట్టు వేసినట్టు చూశారు.

"మా ఇంట్లో షుగరు నాదండి," అన్నారు.

ఆయన కళ్ళు కూడా చూశాక డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. కంటి వెనక పొర మీద సన్నటి రక్తనాళాలు పాడయ్యాయి, కొన్ని కారుతున్నాయి, కొత్తగా పిచ్చినాళాలు పుడుతున్నాయి. అవి చిట్లితే కన్ను లోపల రక్తం నిండిపోతుంది. లేజరుతో అక్కడక్కడా కాలిస్తే ఆ నాళాలు అణుగుతాయి. ఇద్దరికీ అవసరమే. ఉన్న చూపును కాపాడుకోవడానికే ఇది. పోయిన చూపును తిరిగి తీసుకురాదు.

"పోయింది రానప్పుడు ఇంక దేనికండి కాల్చడం?" అన్నారు చంద్రరావు గారు. నలుగురినీ సంప్రదించి చెబుతానన్నారు.

వీరవేణి తలెత్తి ఆయన వైపు చూసింది. ఏ పనికైనా ఆయన మొహం చూసి అవునో కాదో తెలుసుకోవడం ఆమెకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు. మందు వేసిన కళ్ళకు ఆ మొహం మసకమసగ్గా తప్ప ఆనలేదు. ఆమె డాక్టరు వైపు తిరిగి, "ఇవాళే చేస్తారాండి?" అని అడిగింది.

ఇవాళే చేశారు. గడ్డం ఒక స్టాండు మీద పెట్టించి, నుదురు పట్టీకి ఆనించమన్నారు. కంటికి మొద్దుబారే మందు వేసి, గాజు బిళ్ళ ఒకటి ఆనించారు. ఆకుపచ్చ మెరుపులు టిక్కుటిక్కుమంటూ వచ్చాయి. కొన్ని ఊరికే మెరిశాయి, కొన్ని కంటి లోతున సూదితో పొడిచినట్టు చురుక్కుమన్నాయి. ఆమె కదల్లేదు. వేడివేడి గంజి చేతుల మీద పడ్డా గిన్నె వదలని మనిషికి అదొక లెక్క కాదు.

ఊరొచ్చాక చంద్రరావు గారు సంప్రదింపులు మొదలుపెట్టారు. ఎరువుల కొట్టు తాతాజీ, తనకు తెలిసినాయనకు లేజరు పెడితే కన్ను వడియంలా వేగిపోయిందని చెప్పాడు. ఆ తెలిసినాయన ఎవరో, ఏ ఊరో అడిగితే మరిచిపోయానన్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? చంద్రరావు గారు కోరుకొండ దగ్గర ఎవరో ఆకుపసరు పిండుతారని వెళ్ళి, ఆ పసరు కళ్ళలో పోయించుకోవడం మొదలుపెట్టారు.

మిగిలిన లేజరు విడతలకు వీరవేణి ఒక్కత్తే బండెక్కి రాజమండ్రి వెళ్ళొచ్చేది. ఏమైనా అయితే నా పూచీ లేదని ఆయన ప్రతిసారీ హెచ్చరించి పంపేవారు. తిరిగి రాగానే ఏమన్నా బాగా కనపడుతోందా అని అడిగేవారు. ఎప్పట్లాగే ఉందని ఆమె చెప్పేది. చూశావా, పని చెయ్యలేదు అనేవారు. ఆయన చూపు మటుకు రోజురోజుకీ తగ్గుతోంది. పసరు లోపలి చెడునంతా బయటికి లాగుతోందనడానికి అదే గుర్తట.

సార్వా నాట్ల ముందు సంఘం మీటింగు పెట్టారు. పంచాయతీ ఆఫీసు వరండాలో పొద్దున్న పూట, చుట్టూ రైతులు. కాలవ పూడిక గురించి మాట్లాడుతున్న ప్రెసిడెంటు గారు ఉన్నట్టుండి ఆగిపోయారు. కుడికంటికి ఎర్రటి తెర దిగింది. చూస్తుండగానే అది నల్లబడింది. ఎడమకంటిలో అప్పటికే ఉన్నది మసక.

"కరెంటు పోయిందేంటి?" అన్నారు.

ఎండ వరండా సగం దాకా పరుచుకుని ఉంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు గారి మాట కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"పోయిందండి," అన్నాడు ఒక రైతు, మర్యాదగా.

ఆ మర్యాద విని చంద్రరావు గారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు. ఎవరో వీరవేణికి కబురు చేశారు.

ఈసారి బండిలో ఆయన కిటికీ వైపు తిరగలేదు. ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. కుడికంట్లో రక్తం నిండిందని, అది నెలల మీద కరగవచ్చు, కరగకపోతే ఆపరేషను కావాలని డాక్టరు గారు చెప్పారు. ఎడమకంటికి ఇప్పుడే లేజరు చెయ్యాలన్నారు. నలుగురినీ సంప్రదించే ప్రస్తావన ఆయన తేలేదు. అయితే మెరుపు కనిపించగానే తల వెనక్కి లాగేసుకున్నారు. డాక్టరు గారు కదలొద్దని చెబితే సరేనన్నారు, మళ్ళీ లాగేసుకున్నారు. చివరికి వీరవేణి వెనక నిలబడి, రెండు చేతులతో ఆయన తలను పట్టీకి అదిమి పట్టుకుంది.

"నొప్పిగా ఉంటుందా వేణీ?" అన్నారు చిన్నగా.

"ఉంటుందండి. కదలకండి."

ఎడమకన్ను దక్కింది. చీకటిపడితే మెట్లు ఆనవు గానీ, పేపరు చదువుకోగలరు. కుడికంటికి మనుషుల నీడలు మాత్రం తెలుస్తాయి. పసరు కోసం వెళ్ళిన రోజుల్లోనే ఇక్కడికి వచ్చి ఉంటే అదీ దక్కేదేమోనని డాక్టరు గారు వీరవేణితో అన్నారు. ఆయనతో అనలేదు.

కోలుకున్నాక చంద్రరావు గారు లేజరు మీద ఉపన్యాసాలు మొదలుపెట్టారు. లేజరు సంగతి తనకు ముందునుంచీ తెలుసట. అయినా కొత్త వైద్యం కదా అని, ముందు మా ఆవిణ్ణి పంపించి పరీక్షించానని హోటల్లో చెప్పుకునేవారు. వీరవేణి చెవిన పడ్డా ఆమె ఖండించలేదు. రాజమండ్రి చెకప్పుకు వెళ్ళినప్పుడు మాత్రం, మా ఊరు ఒకసారి రమ్మని డాక్టరు గారిని అడిగింది.

హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. ప్రారంభోపన్యాసం ప్రెసిడెంటు గారిదేనని అందరికీ తెలుసు. అది ఎంతసేపు సాగుతుందో కూడా తెలుసు. అందుకని వీరవేణి నర్సుతో చెప్పి, ఉపన్యాసానికి ముందే అందరి కళ్ళలో మందు వేయించింది. ఆయన మాట్లాడినంతసేపూ జనం కదలకుండా, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తన మాట ఇంత భక్తిగా వినడం ఆయన ఎన్నడూ ఎరగరు. ఇంకాస్త పొడిగించారు.

లేజరు కావలసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువమంది తేలారు. వారం తిరక్కుండా వీరవేణి వాళ్ళందరినీ వెంటబెట్టుకుని బండెక్కించింది. ప్రెసిడెంటు గారు స్టేషను దాకా వచ్చి జాగ్రత్తలు చెప్పారు. బండి కదిలింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.