మైకు కోసం పీకిన ప్లగ్గు

నేను ఒక డీప్ ఫ్రీజరును. మీరు పాలు, పెరుగు దాచుకునే ఫ్రిజ్ లాంటిదాన్ని కాదు. సున్నాకు ఎనభై డిగ్రీల కింద రక్తాన్ని ఏళ్ల తరబడి దాచగలిగినదాన్ని. ఇప్పుడు పాత ఇనుము కొట్టు ముందు ఎండలో మాడుతున్నాను. నా ఒంటి మీద ఎర్ర రంగుతో 'పాడైనది' అని రాశారు. పచ్చి అబద్ధం. ఆ రాసిన చేతిని కొరకడానికి నాకు పళ్లు లేవు.

మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో ఐదు ఆసుపత్రులు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. వైరస్ సోకినవాళ్లలో కొందరికి జబ్బు పోయినా బాధ ఎందుకు పోవడం లేదో తేల్చాలట. జబ్బు మీదున్నప్పుడు తీసిన రక్తాన్నీ, తర్వాత తీసిన రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుందట. ఐదు చోట్ల రక్తమూ తెచ్చి నా కడుపులోనే దాచారు.

అందులో సాయవ్వ రక్తం కూడా ఉంది. ఆమె బీడీలు చుట్టే మనిషి. వైరస్ వదిలినా ఆయాసం వదల్లేదు. అది జబ్బు మిగిల్చిందో, తంబాకు దుమ్ము తెచ్చిపెట్టిందో ఆమెకు తెలియాలి. దుమ్ము వల్లనైతే పని మానాలి, మానితే ఇల్లు గడవదు. రక్తమిస్తే చెబుతామని ఆ పరిశోధన నడిపే డాక్టర్ యోగానంద్ మాటిచ్చాడు. ఆ మాట నమ్మి, పిలిచినప్పుడల్లా బస్సెక్కి వచ్చి చెయ్యి చాపింది. ఇక ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఈలోగా తొలి ఫలితాలు విదేశీ పత్రికలో అచ్చయ్యాయి. ఇంకేం, నేనున్న ల్యాబు పక్క హాల్లో సన్మానసభ పెట్టారు. శాలువాలు, దండలు, జ్యోతి ప్రజ్వలన. మైకుసెట్టుకు ప్లగ్గు పెట్టే చోటు దొరకలేదు. నిర్వాహకుల్లో ఒకాయన, ఆయనా డాక్టరే, నా ప్లగ్గు పీకి మైకుది గుచ్చాడు. నా అలారం మోగితే ఉపన్యాసానికి అడ్డమని దాని నోరూ నొక్కేశాడు. రోగులే మా దేవుళ్లని యోగానంద్ మైకులో అంటుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నా కడుపులో ఆ దేవుళ్ల రక్తం కరగడం మొదలైంది. తర్వాత భోజనాలు, ఆ తర్వాత ఆదివారం. నా ప్లగ్గు ఎవరికీ గుర్తు రాలేదు. సోమవారం తలుపు తీసి తలలు పట్టుకున్నారు.

విచారణకు కమిటీ వేశారు. మైకు ఊసు ఎవరూ ఎత్తలేదు. యంత్రం పాడైందని తేల్చి సంతకాలు పెట్టారు. సిగ్గులేని మనుషులు!

నన్ను వరండాలో పడేసిన రోజే సాయవ్వ వచ్చింది. ఫ్రీజరు పాడై రక్తమంతా పోయిందని యోగానంద్ నన్ను చూపించి చెప్పాడు. ఆమె వెంటనే చీర కొంగు తప్పించి చెయ్యి చాపింది.

"ఇంకోపారి తీస్కో సారూ."

ఇప్పటిది పనికిరాదనీ, జబ్బు మీదున్నప్పటి రక్తం కావాలనీ అతను చెప్పాడు.

"మల్ల ఆ జబ్బు ఏడికెళ్లి తెచ్చుకోవాలె? నన్ను బీడీలు చుట్టమంటవా, వద్దంటవా? గదొక్కటి చెప్పు."

యోగానంద్ లోపలికి వెళ్లిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నా రక్తం పాడుజేసినవు గదనే," అని అరచేత్తో నా తలుపు మీద కొట్టింది.

ఆ దెబ్బ తగలాల్సింది నాకు కాదు, శాలువాలు కప్పుకున్నవాళ్లకు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. రెండో దెబ్బకే ఆమెకు ఆయాసం ముంచుకొచ్చింది. కింద పడకుండా నన్నే పట్టుకుని నిలబడింది.